గింజలేరుకునే హంస

మొన్న మా మనవరాలి కంప్యూటరు చచ్చి ఊరుకుంది. నీలం తెర మీద నాలుగు తెల్ల అక్షరాలు చూపించి, ఇంక నన్ను కదపకండి అన్నట్టు బిగుసుకుపోయింది. పిల్ల దాని ముందు కూర్చుని, పాలు విరిగిపోయిన ఇల్లాలిలా మొహం పెట్టింది.

"ఏమైందే?" అన్నాను.

"సిస్టమ్ ఫైళ్ళు కరప్టయ్యాయి నానమ్మా."

"అంటే? ఎలుకలు గానీ కొట్టాయా?"

అది నవ్వింది. నేనేం మాట్లాడినా నవ్వడం దానికి అలవాటు. ఫైళ్ళంటే కాగితాలు కావట. యంత్రం ఏ పని ఎప్పుడు ఎలా చెయ్యాలో చెప్పేవట. వాటిలో కొన్ని చెడిపోతే, మిగతావి లక్షణంగా ఉన్నా యంత్రం కదలదట. ఇలాంటి కంప్యూటరే బాగున్నది ఎక్కడైనా చూసి, అందులోంచి ఆ ముక్కలు తెచ్చి ఇందులో పెట్టాలట. ఇదంతా పలక పట్టిన పిల్లకి చెప్పినట్టు నాకు చెప్పింది.

"ఓస్, ఇంతేనా! ఆ పని నేను డెబ్బైల్లోనే చేశాను" అన్నాను. మళ్ళీ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఇది రాస్తున్నాను.

నేను కాపరానికి వచ్చిన ఊరు బందరు వైపు. ఊళ్ళో సగం ఇళ్ళలో మగ్గాలే. మా అత్తవారింట్లో అయితే నట్టింట్లోనే గుంట మగ్గం. దాని చుట్టూ మనుషులే సర్దుకుని బతకాలి గానీ, అది మనుషుల కోసం అంగుళం జరగదు. మగ్గం నెత్తిన జకార్డు అనే చెక్కపెట్టె ఉండేది. దానికి చిల్లులు పొడిచిన అట్టముక్కల్ని వరసగా దండ కుట్టి వేలాడదీసేవారు. చిల్లున్న చోట దారం లేస్తుంది, లేని చోట లేవదు. మామగారు తొక్కుతుంటే అట్టలు ఒకదాని వెనక ఒకటి తిరిగేవి, చీర అంచులో హంస పుట్టుకొచ్చేది. ఒక్కో అట్టకీ హంసలో ఒక సన్నటి నిలువు గీత, కాళ్ళ నుంచి తల దాకా. ముందు తోక, తరవాత ఒళ్ళు, ఆ తరవాత మెడ, చివరికి ముక్కు. దండ ఒక చుట్టు తిరిగితే ఒక హంస.

ఆ హంస మా మామగారి సొంతం. వయసులో ఉండగా ఆయనే గీసుకుని, ఆయనే అట్టలు పొడుచుకున్నారు. తల నిటారుగా ఎత్తి, ఎవరినీ లెక్కచెయ్యనట్టు నడిచే హంస. ఆయన నడకా అంతే. మా చీరలు కొనే వన్ టౌన్ షావుకారు కొట్లో హంసంచు అంటే మా ఇల్లే గుర్తుకొచ్చేది.

ఇన్ని హంసలు పుట్టిన ఇంట్లో హంసంచు చీర ఒక్కటి లేదు. నేసినదల్లా మగ్గం దిగీ దిగకముందే వన్ టౌన్ బస్సెక్కేది. నేను కడుపుతో ఉన్నానని తెలిశాక మామగారికి ఏం బుద్ధి పుట్టిందో, "ఈ పడుగులో ఒక చీర మన అమ్మాయికి. ఏడో నెలలో సీమంతానికి కట్టుకుంటుంది" అన్నారు. చిలకపచ్చ చీర, ఎర్రంచు, అంచులో జరీ హంసలు. నాకు ఆ రోజు అన్నం సయించింది. చీరలంటే అంత పిచ్చి లేని దాన్నే గానీ, ఈ చీర మీద మాత్రం ప్రాణం పెట్టుకున్నాను. మా అత్తగారు బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండా "చూద్దాం" అన్నారు. ఆ ముక్కకి నాకు కోపం వచ్చింది.

అది వానాకాలం. చెమ్మకి అట్టలు మెత్తబడి జకార్డులో వంగిపోతున్నాయి. పడుగు దారాలకి గంజి పెడితే బిగుస్తాయి కదా, అట్టకి పెడితే ఎందుకు బిగుసుకోదు అని మామగారికి ఆలోచన వచ్చింది. ఇలాంటి ఆలోచన నేతగాడికి తప్ప లోకంలో ఇంకెవరికీ రాదు. చిక్కటి గంజి కాయించి, అట్టలన్నిటికీ కుంచెతో పూసి, వాన తెరిపిచ్చినప్పుడు ఎండబెట్టారు.

"చూడవే, అప్పడాల్లా ఎలా ఉన్నాయో!" అని అత్తగారికి చూపించి మురిసిపోయారు.

ఆయన మాటవరసకి అన్నారు. ఎలుకలు నిజమే అనుకున్నాయి. అమావాస్య నాడు మావాళ్ళు మగ్గం ముట్టరు. వాటికి ఆ ఒక్క రోజు చాలింది. మర్నాడు మామగారు గుంటలో దిగి కాలు వేసేసరికి నెత్తిన అట్ట తుక్కు జలజలా రాలింది. తోక, ఒళ్ళు ఉన్న అట్టలు వదిలేసి, రొమ్ము దగ్గర్నుంచి ముక్కు దాకా శుభ్రంగా భోంచేశాయి. మగ్గం మీద నా చీర సరిగ్గా సగంలో ఉంది. పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అంటారు. మా ఇంట్లో చెలగాటం ఎలుకది, ప్రాణసంకటం నాది.

మామగారు గుంటలోంచి పైకొచ్చి "మిగతా సగం సాదా అంచుతో లాగించి షావుకారుకి పడేద్దాం. అమ్మాయికి వచ్చే ఏడు నేద్దాంలే" అన్నారు.

వచ్చే ఏడు సీమంతం నాకా, ఎలుకలకా? నేను శోకాలు పెట్టి ఏడిచాను. కడుపుతో ఉన్న దాన్ని ఏమీ అనరన్న ధైర్యం ఒకటి. మా ఆయన మంచివాడే గానీ, తండ్రి ముందు నోట్లో నాలుక లేని మనిషి. ఆయన నాకు మంచినీళ్ళు మాత్రం తెచ్చిచ్చాడు.

"మీరు గీసిందే కదా మామయ్యగారూ, మళ్ళీ గీయండి" అన్నాను ఏడుపు మధ్యలో.

పలకా బలపం తెచ్చుకుని పాపం ప్రయత్నించారు. మొదట సొరకాయ వచ్చింది. తరవాత తెడ్డు వచ్చింది. మూడోది చూసి మా ఆయన "బాగుంది నాన్నా" అన్నాడు గానీ అదేమిటో చెప్పలేకపోయాడు. ఆ చెయ్యి వేరు, ఈ చెయ్యి వేరు అని మామగారు పలక పక్కన పెట్టేశారు.

అప్పుడు నాకు తట్టింది. అట్టల్లోంచి చీర వచ్చినప్పుడు, చీరలోంచి అట్టలు ఎందుకు రావు? నేసిన హంస ఎదురుగా ఉంటే, గీత గీతకీ ఎక్కడ జరీ ఉంది ఎక్కడ లేదు అని చూసి, మళ్ళీ చిల్లులు పొడుచుకోవచ్చు. ఈ మాట అన్నందుకు మామగారు నన్ను మొదటిసారి మనిషిని చూసినట్టు చూశారు. కానీ చీర ఏదీ? మగ్గం మీదున్న సగం బోర్లా ఉంటుంది, పైకి కనబడేవి వెనక తేలిన జరీ పోగులే, కిందికి దూరి చూద్దామన్నా గుంట చీకట్లో పోగు లెక్క అందదు. అటక మీద పెట్టెలు కూడా దింపి వెతికాం. పాత పంచెలు, మా ఆయన చిన్నప్పటి చొక్కాలు దొరికాయి గానీ, ఒక్క హంస దొరకలేదు. షావుకారుని అడుగుదామంటే, హంస తలని ఎలుకలు తిన్నాయని వన్ టౌన్ అంతా చెప్పుకుని నవ్వుతుందని మామగారి భయం.

"టీచరమ్మగారి దగ్గరుంది" అన్నారు అత్తగారు ఉన్నట్టుండి.

హనుమాన్ జంక్షన్‌లో స్కూలు టీచరు ఒకావిడ, ఆ ముందు ఏడు మా ఇంటికే వచ్చి తెల్ల చీర, జరీ హంసంచుతో నేయించుకుని వెళ్ళారు. చర్చికి తప్ప కట్టను, అదీ నెలలో మొదటి ఆదివారమే కడతాను అని కూడా చెప్పారట.

"అమ్మిన చీర మళ్ళీ ఇమ్మని అడుగుతావుటే? నా కంఠంలో ప్రాణం ఉండగా కుదరదు" అని మామగారు లేచారు.

"అడగనక్కర్లేదు. కట్టుకుని కూర్చుంటారుగా. వెనకాల కూర్చుని చూసొస్తాం" అన్నారు అత్తగారు.

మగవాళ్ళు వెళ్ళే పని కాదు. పరాయి ఆడమనిషి చీర అంచు వంక కళ్ళార్పకుండా చూసే మగవాణ్ణి ఏ గుళ్ళో అయినా వీపు విమానం మోత మోగించి పంపిస్తారు. కాబట్టి నేనూ, అత్తగారూ. నేను చదవాలి, ఆవిడ గుర్తు పెట్టాలి. అట్టల కోసం శుభలేఖలు దింపాం. పసుపు బొట్టు పెట్టిన శుభలేఖ పారెయ్యకూడదని మా అత్తగారు ఊళ్ళో జరిగిన పెళ్ళిళ్ళన్నీ కట్ట కట్టి అటక మీద దాచారు. వాటిని అట్ట కొలతకి కత్తిరించి, రెండేసి కలిపి అతికించాం. అతికించడానికి మళ్ళీ గంజే. ఈసారి వేపాకు రసం కలిపారు మామగారు.

మొదటి ఆదివారం పొద్దున్నే బస్సెక్కాం. రోడ్డు మీద గుంట వచ్చినప్పుడల్లా నా కడుపులో పిల్లాడు జకార్డులా తన్నాడు. చర్చిలో ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు చాపల మీద కూర్చున్నారు. రూపాయి కాసంత బొట్టుతో మా అత్తగారు గుమ్మంలోకి రాగానే అందరూ మా వంక చూశారు. చూసి, జరిగి చోటిచ్చారు. టీచరమ్మగారు ముందు వరసలో ఉన్నారు, తెల్ల చీరలో. మేం సరిగ్గా ఆవిడ వెనక చతికిలబడ్డాం.

పైట కొంగు వీపు మీద వెడల్పుగా పరుచుకుని ఉంది. ఎడమ పక్క ఒక అంచు, కుడి పక్క ఒక అంచు. మా చీరలో హంసల కాళ్ళు ఎప్పుడూ చీర చివరకి ఉంటాయి, తలలు లోపలికి ఉంటాయి. నేను ఎడమ అంచులో ఒక హంసని పట్టుకుని, దాని రొమ్ము దగ్గర మొదలుపెట్టి, ఎడమ నుంచి కుడికి, అంటే కాళ్ళ నుంచి తలకి, గొంతు తగ్గించి చదివాను.

"దించు, దించు, ఎత్తు, ఎత్తు, దించు..."

అత్తగారు ఒళ్ళో అట్ట పెట్టుకుని, ఎత్తు అన్నచోట పెన్సిలుతో చుక్క పెడుతున్నారు. ఎదురుగా పాస్టరు గారు వాక్యం చెబుతున్నారు. నా పక్కనున్న ముసలమ్మ చెవి నా వైపు తిప్పి కాసేపు విన్నది.

"ఎత్తు, ఎత్తు, ఎత్తు" అన్నాను.

"ఆమేన్" అంది ముసలమ్మ భక్తిగా.

తరవాత ఆవిడ ఆగలేదు. నేను దించు అన్నా ఆమేనే, ఎత్తు అన్నా ఆమేనే. నాకు నవ్వొచ్చి కడుపు కదిలిపోతోంది. ఒకసారి పాస్టరు గారు కూడా మా వైపు చూసి సంతోషంగా తల ఊపారు. కొత్తవాళ్ళు ఇంత శ్రద్ధగా పెదవులు కదుపుతుంటే ఎవరికి సంతోషంగా ఉండదు?

రొమ్ము గీతలు రెండు మూడు అయ్యాయో లేదో, "ప్రార్థన చేసుకుందాం" అన్నారు పాస్టరు గారు. ఆడవాళ్ళందరూ ఒక్కసారే పైట తల మీదికి లాక్కుని ముసుగేసుకున్నారు. టీచరమ్మగారూ లాక్కున్నారు. నేను చదివే ఎడమ అంచు కాస్తా ఆవిడ చెవి పక్కనుంచి ముందుకి వెళ్ళిపోయింది. కానీ దేవుడు దయగలవాడు, ఆ లాగుడుకి కుడి అంచు సరిగ్గా నా ముక్కు ముందుకొచ్చి ఆగింది. అంచు అంచే కదా అనుకున్నాను. ఇంకో హంసని పట్టుకుని, అలాగే ఎడమ నుంచి కుడికి, ఆపిన గీత దగ్గర్నుంచి అందుకున్నాను. అత్తగారు ఒక్క క్షణం పెన్సిలు ఆపి, ఆ అంచు వంక, నా వంక చూశారు.

"ఏం అత్తయ్యా?"

"ఏం లేదు. కానీ" అని మళ్ళీ చుక్కలు పెట్టసాగారు.

ముక్కు చివర దాకా చదివేసి, ఇంక లేచిపోదాం అనుకుంటుండగా పాస్టరు గారు "ఈ రోజు కొత్తగా వచ్చిన అక్కలు లేచి ఒక మాట చెప్పాలి" అన్నారు. అత్తగారు అట్టలు పైట కింద దాచి, నిమ్మళంగా లేచారు.

"మా ఇంట్లో ఎలుకలండీ. మహా బాధ పెడుతున్నాయండీ" అన్నారు.

పాస్టరు గారు పెద్దమనిషి. పెదవి మీదికి నవ్వు రానివ్వకుండా, ఈ అక్క ఇంటి నుంచి ఆ ఉపద్రవం తొలగిపోవాలని వివరంగా ప్రార్థన చేశారు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నేనే.

బయటికి రాగానే టీచరమ్మగారు మమ్మల్ని పట్టేశారు. "హంసంచు వాళ్ళు కదండీ మీరు! రండి, ఎలుకలకి ప్రార్థన ఒక్కటే చాలదు" అని ఇంటికి తీసుకెళ్ళి, కాఫీ ఇచ్చి, గుప్పెడంత పిల్లిపిల్లని చేతిలో పెట్టారు. ఆ మంచితనానికి కరిగిపోయి అత్తగారు ఆవిణ్ణి సీమంతానికి పిలిచేశారు. తిరుగు బస్సులో ఒక పైట కింద హంస తల, ఇంకో పైట కింద పిల్లి.

మామగారు చుక్క చుక్కకీ చిల్లు పొడిచి, మిగిలిన పాత అట్టలకి కొత్తవి కుట్టారు. మగ్గం మళ్ళీ కదిలింది. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ పసుపు బొట్లతో సహా మామగారి నెత్తిన వరసగా తిరగడం మొదలుపెట్టాయి. మా మగ్గం మీద చీర బోర్లా నేస్తారు. పైకి కనబడేది వెనక వైపు. హంస ఎలా వస్తోందో తెలియాలంటే కింద అద్దం పెట్టి చూసుకోవాలి.

"ఏమేవ్, అద్దం ఇలా తే" అన్నారు మామగారు.

"పగిలిపోయింది" అన్నారు అత్తగారు వంటింట్లోంచి.

"ఎప్పుడు?"

"పిల్లి పడేసింది."

ఆ పిల్లి అప్పటికి తన తోకని తనే మొయ్యలేని స్థితిలో ఉంది. మామగారు దాని వంక అనుమానంగా చూసి, సరేలే అని అద్దం లేకుండానే నేసేశారు.

చీర కోసి, తిరగేసి, చాప మీద పరిచాం. సగం దాకా హంసలు మామగారిలాగే తలలెత్తుకుని నడిచాయి. అక్కడి నుంచి ఒక్కటీ తల ఎత్తలేదు. మెడ కిందికి పడిపోయింది, తల కాళ్ళ దగ్గరికి వచ్చేసింది, ముక్కు నేలకి ఆనింది. పాలూ నీళ్ళూ వేరుచేసే పక్షి పెరట్లో కోడిలా గింజలు ఏరుకుంటోంది. టీచరమ్మగారు ముసుగు వేసుకున్నాక నేను చదివిన అంచులో కాళ్ళు కుడి వైపుకి ఉన్నాయని అప్పుడు వెలిగింది నాకు. కాళ్ళ నుంచి తలకి చదువుతున్నాననుకుని తల నుంచి కాళ్ళకి చదివాను.

"ఇది హంసా?" అన్నారు మామగారు. ఆయన గొంతు విని నాకు ఏడుపొచ్చింది, చీర చూసి నవ్వొచ్చింది, రెండూ కలిసి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. అత్తగారు మాత్రం చీర మడతపెట్టి, ఆయన కంట మళ్ళీ పడకుండా మంచి సగం పైకి వచ్చేలా పెట్టె మీద ఉంచారు.

రెండ్రోజులకి షావుకారు గుమాస్తా సరుకు కోసం వన్ టౌన్ నుంచి వచ్చాడు. ఇవ్వాల్సిన చీరలన్నీ మూట కట్టుకుని, పెట్టె మీద మడత చూసి ఆగిపోయాడు.

"హంసంచులో చిలకపచ్చ! దాచేశారేంటండీ? షావుకారుగారింట్లో పెళ్ళుంది, ఇదిచ్చెయ్యండి" అన్నాడు.

"అది... మా కోడలికని..." అన్నారు మామగారు. ఆ మాట ఆయనకే వినపడి ఉండదు. వన్ టౌన్‌కి కాదని చెప్పడం ఆయన ఎరగరు. నా ఎదురుగానే ఆయన చెయ్యి మడత మీదికి వెళ్ళింది, మడత గుమాస్తా చేతిలోకి వెళ్ళింది. చర్చి, బస్సు, ఎక్కిళ్ళు, అన్నీ బూడిదలో పోసిన పన్నీరే అనుకుని నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. తప్పుల చీరైనా సరే, నాకది కావాలి.

గుమాస్తా మడత విప్పుతూ పోయి సగం దగ్గర ఆగాడు.

"ఇదేంటండీ, ఇక్కణ్ణుంచి కోళ్ళు పెట్టారు?" అని మొదలుపెట్టి, కండువాతో కళ్ళు తుడుచుకునే దాకా నవ్వాడు. చీర మళ్ళీ పెట్టె మీద పడేసి, మిగతా మూట భుజాన వేసుకుని బస్సుకి వెళ్ళిపోయాడు.

సీమంతానికి టీచరమ్మగారు వచ్చారు. వచ్చేది రాక, ఆ తెల్ల హంసంచు చీరే కట్టుకొచ్చి, పీట మీద కూర్చున్న నా పక్కనే నిలబడి గాజులు తొడిగారు. తొడుగుతూ తొడుగుతూ రెండు అంచులూ చూశారు.

"మా హంస తలెత్తుకుని ఉందండీ. మీది వంగిపోయిందేంటండీ?"

పేరంటాళ్ళందరూ మా అంచుల మీదికి వంగారు. వీధి అరుగు మీద నుంచి మామగారు గొంతు సవరించుకున్నారు.

"కడుపుతో ఉన్న పిల్ల చీర కదండీ. అందుకని మేత మేస్తోందండీ" అన్నారు.

ఇల్లంతా గొల్లుమంది. ఆ జవాబు ఆయనకే ఎంతో నచ్చి, సాయంత్రం దాకా వచ్చిన వాళ్ళకల్లా చెప్పారు. ఒకావిడ తన కూతురికి కూడా అలాంటి మేత హంసే కావాలని అడిగింది.

అందరూ వెళ్ళాక అత్తగారు నన్ను గదిలోకి పిలిచారు. "పూలజడ నువ్వు చూసుకోనేలేదు" అని తన ట్రంకు పెట్టె తెరిచి, పాత చీర ముక్కలో చుట్టిన అద్దం తీసి నా వీపు వెనక పట్టుకున్నారు. మామగారి అద్దమే. ఎక్కడా గీత కూడా లేదు.

"పగిలిందన్నారుగా అత్తయ్యా?"

ఆవిడ నవ్వలేదు. తలుపు దగ్గరగా వేసి, వంగి, నా కుచ్చిళ్ళ దగ్గర మడతపడ్డ అంచు చేత్తో సాపు చేశారు.

"ముసుగేసుకున్నప్పుడే చూశాను, నువ్వు అవతలి అంచు చదవడం."

"మరి చెప్పలేదేం?"

"చెబితే తిన్నగా వచ్చేది. వస్తే నీకు మిగిలేదిటే?" అని అద్దం మళ్ళీ గుడ్డలో చుట్టారు. "నాకూ నేశారే మీ మామయ్య, కాపరానికొచ్చిన కొత్తలో, మీ ఆయన కడుపులో ఉన్నప్పుడు, ఆ తరవాతా. అన్నీ తిన్నగానే వచ్చాయి."